మీట ఉంది, మాట లేదు

తెలంగాణ శాసనసభ 2017 నవంబరులో చట్టాన్ని సవరించి ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2022 మార్చిలో అదే దారి నడిచింది. తెలంగాణ ప్రభుత్వం 2018లో వివిధ కార్యాలయాల కోసం 66 మంది ఉర్దూ అధికారులను ఎంపిక కూడా చేసింది. కాగితం మీద చూస్తే ఉర్దూ మాట్లాడే పౌరుడికి లోటేమీ కనిపించదు. ఆ పౌరుడు సెల్‌ఫోను తెరిచి ఒక సంక్షేమ పథకం వివరాలు వెతకబోయినప్పుడే కాగితానికీ బతుక్కీ మధ్య ఉన్న దూరం తెలిసివస్తుంది.

అధికార భాష అంటే ఏమిటి? ప్రభుత్వం తన మాటను ప్రజలకు చెప్పే భాష. ప్రజల మాటను తాను వినే భాష. ఒకనాడు ఆ మాట గెజిట్‌లో అచ్చయ్యేది, తహసీలు కార్యాలయం గోడకు అంటించిన నోటీసులో కనిపించేది, ఊళ్లో దండోరాగా వినిపించేది. ఇప్పుడు ఆ మూడు పనులనూ వెబ్‌సైటు చేస్తోంది. ఉపకార వేతనానికి దరఖాస్తు అక్కడే. ఇంటి పన్ను అక్కడే. పాఠశాల ప్రవేశం అక్కడే. వక్ఫ్ ఆస్తి నమోదు అక్కడే. కాబట్టి వెబ్‌సైటు ఏ భాషలో మాట్లాడుతుందో అదే ఆచరణలో అధికార భాష. చట్టంలో ఏ పేరు రాసి ఉన్నా, పేజీ ఇంగ్లీషులో మాత్రమే ఉన్నంత కాలం అసలు అధికార భాష ఇంగ్లీషే.

ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. వెబ్‌సైటు పేజీలను ప్రజల భాషల్లోకి తేవడం ఎవరో దయతలచి చేయవలసిన పని కాదు. అది పరిపాలనలో భాగం. భాష మార్చే మీట ఒకటి పేజీ పైభాగాన పెట్టినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. మీట వెనుక ఉన్న పేజీ ఇంగ్లీషు పేజీకి సాటిగా, అదే రోజున, అదే సమాచారంతో, అదే చెల్లుబాటుతో ఉన్నప్పుడే తీరుతుంది.

సాధనం చేతిలోనే ఉంది

భాష సంగతి ఎత్తగానే సాధారణంగా వినిపించే జవాబు 'సిస్టంలో ఆ అవకాశం లేదండీ' అన్నది. ఈ జవాబు ఎంత బలహీనమైనదో ప్రతి కార్యకర్తా తెలుసుకోవాలి. తెలియనివాడి దగ్గర సాంకేతికత పేరు చెప్పి తప్పించుకోవడం తేలిక.

ఈనాటి వెబ్‌సైట్లలో అధిక భాగం 'కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం' అనే సాఫ్ట్‌వేరు మీద నడుస్తాయి. పేరు బరువైనదే గాని పని సులువుగా అర్థమవుతుంది. ఏ పేజీని ఎవరు రాయాలి, ఎవరు సరిచూడాలి, ఎప్పుడు ప్రచురించాలి అన్నదంతా ఒక చోట నడిపే దఫ్తరు అది. వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా అన్నవి వీటిలో ప్రసిద్ధమైనవి. ఈ మూడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. వాడుకోవడానికి లైసెన్సు రుసుము కట్టనక్కరలేదు. జూమ్లా అన్న పేరు స్వాహిలీ భాషలోని 'జుమ్లా' నుంచి వచ్చింది. 'అందరూ కలిసి' అని దానికి అర్థం. ఆ స్వాహిలీ మాటకు మూలం అరబీ. మన ఉర్దూలోనూ జుమ్లా అంటే మొత్తం. అందరినీ కలుపుకొనే పేరున్న సాఫ్ట్‌వేరు మన భాషల్ని కలుపుకోలేదంటే నమ్మవలసిన అవసరం ఎవరికీ లేదు.

జూమ్లాలో 2011 నాటి 1.6 సంచిక నుంచే బహుభాషా సదుపాయం అంతర్భాగంగా ఉంది. 2015 నవంబరులో వచ్చిన ద్రూపల్ 8లో భాషల జాబితాకు, తెర మీది మాటలకు, పేజీలోని విషయానికి, సైటు అమరికలకు వేర్వేరుగా అనువాద విభాగాలు లోపలే అమర్చారు. వర్డ్‌ప్రెస్‌కు ఇది పుట్టుకతో లేకపోయినా పాలీలాంగ్, డబ్ల్యూపీఎంఎల్ వంటి అనుబంధాలు తగిలిస్తే సరిపోతుంది. ఒక పేజీ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు రూపాలు మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఏ రూపం సిద్ధమైందో, ఏది కాలేదో నిర్వాహకుడికి ఒకే పట్టికలో కనిపిస్తుంది.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాసే లిపి కదా, పేజీ చెదిరిపోదా అంటారు. ఆ భాషకు ఆ దిశ అని అమరికల్లో ఒకసారి చెబితే, ఆ నియమాన్ని పాటించేలా కట్టిన పేజీ నమూనా దానంతటదే తిరగబడుతుంది. పట్టీలు, గడులు, బాణపు గుర్తులు కూడా పక్క మారతాయి. కంటికి ఇంపైన నస్తాలీఖ్ అక్షరాలు కావాలంటే 'నోటో నస్తాలీఖ్ ఉర్దూ' ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. తెలుగుకు యూనికోడ్ ఫాంట్లు కొల్లలు.

అన్నింటికన్నా ముఖ్యమైన ఏర్పాటు మరొకటి ఉంది. ద్రూపల్‌లో మూల పేజీని సవరించేటప్పుడు 'మిగిలిన అనువాదాలు పాతబడ్డాయి' అని గుర్తు పెట్టే గడి ఉంటుంది. ఆ గడిలో ఒక్క టిక్కు పెడితే చాలు, అనువాదకుడికి తన ముందున్న పని తెలుస్తుంది. పైసా ఖర్చు లేని ఆ టిక్కు పడనందువల్లే గడువు తేదీ ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో మరొకటి ఉండిపోయే ప్రమాదం వస్తుంది. ఆ తప్పు సాఫ్ట్‌వేరు మీద మోపడం అన్యాయం.

నాలుగు నటనలు

అనువాదం చేయకుండానే చేసినట్టు కనిపించే పద్ధతులు నాలుగున్నాయి. వీటిని గుర్తుపట్టడం మనం నేర్చుకోవాలి.

మొదటిది ఖాళీ మీట. పేజీ పైన 'ఉర్దూ' అని ఉంటుంది. నొక్కితే పట్టీలోని నాలుగు మాటలు మారతాయి. అసలు విషయం ఇంగ్లీషులోనే నిలబడి ఉంటుంది. అనువాదం లేని చోట మూల భాషను చూపించమని సాఫ్ట్‌వేరుకు చెప్పిపెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. 'ఈ పేజీ ఇంకా ఉర్దూలో సిద్ధం కాలేదు' అని నిజాయితీగా ఒక వాక్యం చూపించవచ్చు. చూపిస్తే ఎన్ని పేజీలు సిద్ధం కాలేదో లోకానికి తెలిసిపోతుంది.

రెండోది బొమ్మ. ఇన్‌పేజ్‌లో కట్టిన ఉర్దూ ప్రకటననూ, అను ఫాంట్లలో కట్టిన తెలుగు కరపత్రాన్నీ ఫొటోగా మార్చి అతికించడం. చూడటానికి అక్షరాలే, కంప్యూటరుకు మాత్రం అవి గీతలు. వెతికితే దొరకవు. చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు అక్కడ మూగబోతుంది. పెద్దవారు అక్షరాలు పెంచి చదవబోతే మసకబారతాయి. అందులోని దరఖాస్తు లింకు నొక్కడానికి వీలుండదు. టైపు చేసిన చోట కూడా జాగ్రత్త కావాలి. అరబీ 'కాఫ్', ఉర్దూ 'కాఫ్' కంటికి దాదాపు ఒకటిగానే కనిపించినా యూనికోడ్‌లో వేర్వేరు అక్షరాలు; అరబీ 'యా', ఉర్దూ 'యే' కూడా అంతే. పేజీ ఒకదానితో, వెతికేవారు మరొకదానితో టైపు చేస్తే ఆ రెండింటినీ ఒకటిగా చూసే ఏర్పాటు లేని చోట ఉన్న సమాచారం కూడా లేనట్టే.

మూడోది యంత్రానువాదాన్ని మనిషి చూడకుండా వదిలేయడం. యంత్రానువాదం మీద మనకు వైరం లేదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'భాషిణి' వంటి ప్రయత్నాలు స్వాగతించదగ్గవే. ముసాయిదా తయారు చేయడానికి యంత్రం గొప్ప సహాయకారి. అయితే 'ఇష్యూ' అన్న ఒక్క ఇంగ్లీషు మాటకు జారీ, సమస్య, సంచిక, సంతానం అన్న అర్థాలున్నాయి. 'డీడ్' అంటే చేసిన పనీ కావచ్చు, వక్ఫ్‌నామా వంటి దస్తావేజూ కావచ్చు. 'వార్డు' ఆసుపత్రిలో ఒకటి, పురపాలక సంఘంలో ఒకటి, సంరక్షకుడి చేతి కింద పెరిగే బిడ్డ విషయంలో మరొకటి. ఏ అర్థం ఎక్కడ తీసుకోవాలో యంత్రం తడబడినప్పుడు దిద్దే మనిషి ఉండాలి. ఆ మనిషి లేకుండా పేజీ అడుగున 'అనువాద దోషాలకు శాఖ బాధ్యత వహించదు' అని రాయడం అసలు నేరాన్ని ముందుగానే ఒప్పుకోవడం. ఇంగ్లీషు పేజీకి వహించే బాధ్యత ఉర్దూ పేజీకి ఎందుకు వహించరు?

సరిచూసేవారు లేకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లోని వేల్స్ దేశం చెబుతుంది. 2008లో స్వాన్సీ నగర పాలక సంస్థ ఒక రహదారి ఫలకం మీది వాక్యాన్ని వెల్ష్‌లోకి మార్చమని అనువాదకుడికి ఈమెయిలు పంపింది. 'నేను ప్రస్తుతం కార్యాలయంలో లేను, అనువదించవలసినది ఏమైనా ఉంటే పంపండి' అని వెల్ష్ భాషలో దానంతటదే జవాబు వచ్చింది. అదే అనువాదమనుకొని ఫలకం మీద రాయించి రోడ్డు పక్కన నిలబెట్టారు. చదవగలిగినవారు ఒక్కరు మధ్యలో ఉంటే ఆ ఫలకం నిలబడేది కాదు. ఆ దేశం ఆ నవ్వులాటతో ఆగిపోలేదు. 2011 నాటి వెల్ష్ భాషా చట్టం కింద ప్రభుత్వ సంస్థలకు ప్రమాణాలు విధించింది. వెల్ష్ పేజీ ఇంగ్లీషు పేజీ కన్నా ఏ విధంగానూ తక్కువగా ఉండరాదన్నది వాటిలో ఒకటి. 2021 జనగణన ప్రకారం అక్కడ వెల్ష్ మాట్లాడేవారు సుమారు 5.38 లక్షల మంది, జనాభాలో 17.8 శాతం. మన దేశంలో 2011 జనగణనలో ఉర్దూను మాతృభాషగా చెప్పుకున్నవారు 5.07 కోట్లు. అంటే తొంభై రెట్లకు పైమాట. సంఖ్య చాలదని మనకు చెప్పే అర్హత ఎవరికి ఉంది?

నాలుగోది పాత పేజీ. ప్రారంభోత్సవం రోజున మూడు భాషలూ కళకళలాడతాయి. ఆ తర్వాత ఇంగ్లీషు పేజీ నెలనెలా మారుతుంది. మిగిలిన రెండూ ఆ రోజు దగ్గరే ఆగిపోతాయి. నాలుగింటిలోనూ ఇదే అతి ప్రమాదకరమైనది. ఖాళీ పేజీ చూసినవాడు మరొకరిని అడుగుతాడు. పాత పేజీ చూసినవాడు దాన్ని నమ్మి మోసపోతాడు.

నష్టం ఎవరిది?

ఇదంతా చదువుకున్నవారి ఫిర్యాదు అని కొట్టిపారేసేవారు ఒక ఇంటి లోపలికి చూడాలి. మక్తబ్‌లో ఉర్దూ నేర్చుకుని, ఆ తర్వాత బడికి పోలేకపోయిన తల్లులు మన బస్తీల్లో ఎందరో ఉన్నారు. వారు నిరక్షరాస్యులు కారు. ఉర్దూ పత్రిక చదువుతారు, ఉత్తరం రాస్తారు. అదే తల్లి ఇంగ్లీషు పేజీ ముందు కూర్చుంటే ఒక్క క్షణంలో నిరక్షరాస్యురాలవుతుంది. అప్పుడామె వీధి చివరి కంప్యూటర్ సెంటరుకు వెళ్లాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోనుకు వచ్చిన ఓటీపీ ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టాలి. తన బిడ్డకు ఉచితంగా రావలసిన దానికి రుసుము చెల్లించాలి. అతడు ఏ గడిలో ఏం నింపాడో ఆమెకు తెలియదు. తప్పు నింపితే తిరస్కరణ వచ్చేది ఆమె బిడ్డకు.

పేర్ల సంగతి మరీ దారుణం. ముహమ్మద్ అన్న ఒక్క పేరు మన కాగితాల్లో మహమ్మద్, మొహమ్మద్, ఎండీ అని నానా రకాలుగా ఉంటుంది. షేక్, షైక్; సయ్యద్, సయ్యద్దు, సైయద్. ఉర్దూలో ఒకే తీరున రాసే పేరు ఇంగ్లీషులోకీ తెలుగులోకీ వచ్చేసరికి రాసేవారి ఇష్టాన్ని బట్టి మారిపోతుంది. బడి సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి పడితే కంప్యూటరు ఆ ఇద్దరినీ ఇద్దరు మనుషులుగా లెక్కగడుతుంది. దీని మీద యంత్రానువాదం కూడా తోడైతే నూర్ అన్న పేరును కాంతిగా మార్చే అపాయమూ ఉంది. పేరును అనువదించకూడదనీ, అభ్యర్థి రాసిన రూపాన్నే మూడు లిపుల్లోనూ భద్రపరచాలనీ సాఫ్ట్‌వేరుకు ముందే చెప్పిపెట్టడం నిర్వాహకుల పని.

వక్ఫ్ ఆస్తుల నమోదులో పణం ఇంకా పెద్దది. 2025 వక్ఫ్ సవరణ చట్టం కింద కేంద్రం ఆ ఏడాది జూన్ 6న 'ఉమీద్' పోర్టల్‌ను ప్రారంభించింది. ఉన్న ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో ఎక్కించాలన్నారు. గడువు పెంచాలన్న వినతిని సుప్రీంకోర్టు 2025 డిసెంబరు 1న అంగీకరించలేదు. వక్ఫ్ ట్రిబ్యునళ్లకు వెళ్లమంది. ఆ చట్టం మంచిచెడుల గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇక్కడ గమనించవలసింది భాష. పాత హైదరాబాద్ సంస్థానపు ముంతఖబ్‌లు, వక్ఫ్‌నామాలు ఫార్సీలోనో ఉర్దూలోనో ఉన్నాయి. పల్లెటూరి ముతవల్లీ చేతిలో ఉన్న ఆధారం అదే. ఆయన ముందున్నది కంప్యూటర్ ఫారం. ఈ రెండింటినీ కలిపే వంతెన అనువాదం ఒక్కటే. ఆ వంతెన కట్టకుండా గడియారం తిప్పడం మొదలుపెడితే, ఒక స్మశానవాటిక కొలతలు తప్పుగా పడవచ్చు, ఒక అషూర్‌ఖానా సర్వే నంబరు జారిపోవచ్చు. ఇక్కడ ఒక్క మాట తప్పితే భూమి పోతుంది.

వాదాలు, జవాబులు

'ఈ రోజుల్లో బ్రౌజరే అనువదించి పెడుతుంది కదా' అన్నది మొదటి వాదం. బ్రౌజరు చేసిన అనువాదానికి చట్టంలో విలువ లేదు. అందులో పడిన తేదీని చూపించి 'మీ పేజీలో ఇలా ఉంది' అని అధికారిని నిలదీయలేం. అదీగాక బొమ్మగా పెట్టిన జీవో పేజీ అనువాదంతో పాటు మారదు. పౌరుడికి సమాచారం ఇవ్వవలసిన బాధ్యతను పౌరుడి సెల్‌ఫోనుకు అప్పగించడం ఎక్కడి న్యాయం?

'ఉర్దూ పేజీలు ఎవరూ చూడటం లేదు' అన్నది రెండో వాదం. తలుపు మూసి ఉంచి, ఎవరూ లోపలికి రావడం లేదని లెక్కలు తీయడం లాంటిదది. నాలుగు మాటలు మాత్రమే మారే పేజీకి మనిషి రెండోసారి ఎందుకు వస్తాడు?

'ఖర్చు' అన్నది మూడో వాదం. సాఫ్ట్‌వేరుకు ఖర్చు లేదని పైన చూశాం. అనువాదకులు కావాలి, నిజమే. హైదరాబాద్ నగరంలోనే 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. అందులో అనువాద శాఖ ఉంది. ఉద్యోగాలు లేక తిరుగుతున్న ఉర్దూ పట్టభద్రులు మన ఇళ్లలోనే ఉన్నారు. ఇదే నగరంలో 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వెలిసింది. మరుసటి ఏడు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం విజ్ఞాన శాస్త్రం, వైద్యం, చరిత్ర, న్యాయశాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. కంప్యూటరు లేని కాలంలో శరీరశాస్త్ర గ్రంథాన్ని అనువదించిన నగరం, కంప్యూటరు ఉన్న కాలంలో రెండు పుటల ఉపకార వేతన నిబంధనలు అనువదించలేదంటే లోపం డబ్బులో లేదు, మనసులో ఉంది.

నాలుగో వాదం పైకి అనరు. గుసగుసగా అంటారు: 'ఉర్దూ ముస్లింల భాష. ఇస్తే బుజ్జగింపు అవుతుంది.' దీనికి సుప్రీంకోర్టు సమాధానం చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో ఉర్దూకు ఇచ్చిన రెండో అధికార భాష హోదాను 2014లో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. మహారాష్ట్రలోని అకోలా జిల్లా పాతూర్ పురపాలక సంఘం బోర్డు మీద మరాఠీతో పాటు ఉర్దూ ఉండకూడదని వేసిన అప్పీలును 2025 ఏప్రిల్ 15న కొట్టివేస్తూ, భాష మతం కాదని, అది ఒక ప్రాంతానికీ ప్రజలకూ చెందుతుందని తేల్చిచెప్పింది. అయినా తీర్పుల దాకా ఎందుకు? ఉర్దూ పరాయిదనే ఉద్యోగి తన బల్ల మీది కాగితాలు చూసుకోవాలి. తహసీల్దారు, జిల్లా, దరఖాస్తు, అర్జీ, ఫిర్యాదు, దస్తావేజు, రసీదు, జమాబంది, వకీలు, హామీ. ఈ మాటలన్నీ అరబీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగు దఫ్తరులోకి వచ్చి తెలుగైపోయినవే. ఉర్దూ తీసేస్తే తెలుగు కార్యాలయం నోట మాట రాదు.

తెలుగు కూడా మన హక్కే

ఇక్కడ మనలో మనం స్పష్టపరచుకోవలసిన విషయం ఉంది. 2011 జనగణన నాటికి దేశంలో ముస్లింలు 17.22 కోట్లు. ఉర్దూ మాతృభాషగా చెప్పుకున్న 5.07 కోట్ల మందీ ముస్లింలే అనుకున్నా మొత్తంలో మూడో వంతు కారు. మిగిలినవారు బెంగాలీలో, మలయాళంలో, తమిళంలో, తెలుగులో బతుకుతున్నారు. కోస్తాలో, రాయలసీమలో దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నాయి. ఈ పత్రిక తెలుగులో వెలువడుతోందంటేనే ఆ సంగతి రుజువవుతోంది. కనుక ఉర్దూ పేజీ ఉంటే ముస్లింల పని తీరిపోయినట్టు భావించే అధికారికీ, ఉర్దూ ఒక్కటే అడిగే నాయకుడికీ జవాబు ఒకటే: మైనారిటీ సంక్షేమానికి సంబంధించిన ప్రతి పేజీ తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టే బేరం కుదరదు.

చరిత్ర కూడా మనకు ఆ పాఠమే చెబుతుంది. దారుల్ తర్జుమాను తలచుకుని గర్వించే మనం, అదే సంస్థానంలో అత్యధికుల భాష అయిన తెలుగుకు కచేరీలో, కళాశాలలో చోటు లేదన్న నిజాన్నీ తలచుకోవాలి. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. తన భాష చెల్లని చోట మనిషి ఎంత చిన్నబోతాడో తెలంగాణ తెలుగువారికి ఒకరు నేర్పనక్కరలేదు. ఆనాడు తెలుగువారు అడిగింది న్యాయం. ఈనాడు ఉర్దూ మాట్లాడేవారు అడుగుతున్నదీ అదే. కాబట్టి ఈ పోరాటంలో తెలుగు భాషాభిమానులు మనకు సహజ మిత్రులు. ఇంగ్లీషు మాత్రమే ఉన్న పేజీ వారినీ అవమానిస్తోంది.

మన ఇంటి సంగతి

ప్రభుత్వాన్ని నిలదీసే ముందు మన సంస్థల గడప కూడా చూడాలి. జమాఅత్‌లు, విద్యా సంస్థలు, జకాత్ నిధులు, అనాథ శరణాలయాలు ఇప్పుడు వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నాయి. వాటిలో ఇంగ్లీషు ఒక్కటే ఉంటే, విరాళమిచ్చే ప్రవాస భారతీయుడి కోసమే ఆ పేజీ తయారైందని, సహాయం అందుకోవలసిన వితంతువు కోసం కాదని అర్థం. మరికొన్ని చోట్ల ఉర్దూ ఒక్కటే ఉంటే, తెలుగు మాత్రమే చదవగలిగే దూదేకుల సోదరుడు బయటే నిలబడాలి. విరాళాల లెక్కలు ఒక భాషలోనూ, నీతిబోధలు మరొక భాషలోనూ ఉండటం అంతకన్నా తగదు. పది పేజీల చిన్న వెబ్‌సైటును మూడు భాషల్లో నిలబెట్టడం ఒక కాలేజీ విద్యార్థి, ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు, ఒక తెలుగు పండితుడు కలిసి వేసవి సెలవుల్లో చేయగల పని. మనం చేసి చూపిస్తే 'సాధ్యం కాదు' అన్న జవాబు ఎవరి నోటా రాదు.

ఏం అడగాలి, ఎలా అడగాలి?

చట్టం మన పక్షాన ఉంది. ఫిర్యాదు ఏదైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(4), స్వచ్ఛందంగా వెల్లడించే సమాచారాన్ని ఖర్చునూ, స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో సమర్థంగా పనిచేసే పద్ధతినీ దృష్టిలో ఉంచుకొని ప్రచారం చేయాలని చెబుతోంది. ఈ రెండు ఆధారాలతో ప్రతి జిల్లాలోనూ మనం అడగవలసినవి ఇవి:

1. పథకం, అర్హత, గడువు, దరఖాస్తు, తిరస్కరణకు కారణం, అప్పీలు మార్గం: ఈ ఆరు విషయాల పేజీలు ముందుగా తెలుగు, ఉర్దూలలో రావాలి. మంత్రుల ఫొటోలు, సందేశాలు తర్వాత రావచ్చు.

2. పేజీతో పాటు ఫారంలోని గడుల పేర్లు, తప్పు నింపితే వచ్చే హెచ్చరిక, ఫోనుకు వచ్చే సందేశం కూడా అదే భాషలో ఉండాలి.

3. ఉర్దూ, తెలుగు రెండూ యూనికోడ్ అక్షరాల్లో ఉండాలి, బొమ్మలుగా పెట్టరాదు.

4. యంత్రం చేసిన ముసాయిదాను ఆ భాష తెలిసిన ఉద్యోగి సరిచూసిన తర్వాతే ప్రచురించాలి. సరిచూసిన అధికారి హోదా, తేదీ పేజీ అడుగున ఉండాలి.

5. మూల పేజీ మారిన రోజునే అనువాదమూ మారాలి. మారకపోతే 'ఇది పాతబడింది' అన్న హెచ్చరిక పేజీ తలమీద కనిపించాలి.

6. అనువాదంలోని పొరపాటు వల్ల గడువు దాటినా, తప్పు నింపినా దరఖాస్తుదారుకు నష్టం రాకూడదు. భారం శాఖ మోయాలి.

7. 2018లో ఎంపికైన ఉర్దూ అధికారుల్లో ఎందరికి వెబ్‌సైటు అనువాద బాధ్యత అప్పగించారో ప్రకటించాలి.

అడిగితే వస్తుందా అన్న సందేహం అక్కరలేదు. కొవిడ్ టీకాల కోసం పెట్టిన కోవిన్ పోర్టల్ మొదట ఇంగ్లీషులోనే ఉండేది. 2021 మే నెలలో సుప్రీంకోర్టు ఆ సంగతి ప్రశ్నించింది. జూన్ కల్లా హిందీ, తెలుగు సహా పలు భాషలు చేరాయి. తొలి జాబితాలో తమిళం లేకపోతే తమిళనాడు గొంతెత్తింది. కొద్ది రోజుల్లోనే తమిళమూ వచ్చింది. అప్పటిదాకా కుదరదన్న సిస్టం, అడిగేవారు అడిగాక కుదిరింది.

కాబట్టి ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి యువజన సంఘం ఈ నెలలో ఒక పని పెట్టుకోవాలి. తమ జిల్లాకు, తమ పురపాలక సంఘానికి సంబంధించిన వెబ్‌సైట్లు తెరిచి, పైన చెప్పిన ఆరు విషయాలు ఏ భాషలో ఉన్నాయో, ఏ తేదీ నాటివో ఒక కాగితం మీద పట్టిక వేయాలి. ఖాళీ మీట ఎక్కడ, బొమ్మ ఎక్కడ, పాత పేజీ ఎక్కడ అన్నది గుర్తించాలి. ఆ పట్టికను జతచేసి కలెక్టరుకు ఒక అర్జీ ఉర్దూలో, ఒక అర్జీ తెలుగులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. తర్వాత సమాచార హక్కు కింద అనువాదానికి ఎంత కేటాయించారో, ఎవరు సరిచూస్తున్నారో అడగాలి. ఊరికొక పట్టిక చేరితే రాష్ట్రానికొక నివేదిక అవుతుంది. ఆ నివేదిక శాసనసభ్యుడి చేతికి, పత్రికల చేతికి, అవసరమైతే హైకోర్టు బల్ల మీదికి వెళ్లాలి.

శాసనసభలు ఉర్దూకు హోదా ఇచ్చాయి. మీటలు కూడా వచ్చాయి. మీట వెనుక మాట వచ్చేదాకా అడుగుతూనే ఉందాం.